విరిగిన కుర్చీ వాక్యం

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో భాషల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. 'హిందీ వస్తే ఉత్తరాది భాషలన్నీ సగం వచ్చేసినట్టే, మాటలు మారతాయి గానీ వాక్యం ఒక్కటే' అని అందులో రాశారు. సగం వచ్చేసినట్టే అన్నంతవరకు నాకు పేచీ లేదు. వాక్యం ఒక్కటే అన్నదానికి మాత్రం ఒప్పుకోలేను. ఆ మాట నమ్మి నేను పడ్డ అవస్థ కొంత ఉంది కాబట్టి ఈ ఉత్తరం.

నేను ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో హిందీ అనువాదకురాలిగా 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా పరిభాషలో చెప్పాలంటే 'గ' క్షేత్రం మనిషిని, అంటే హిందీ ఇంటిభాష కాని రాష్ట్రం నుంచి వచ్చినదాన్ని. నాగపూర్, కోల్‌కతా, భువనేశ్వర్ బదిలీల మీద తిరిగాను. ఎక్కువ పని ఇంగ్లీషుకూ హిందీకీ మధ్య. అప్పుడప్పుడు తెలుగు జిల్లాల్లో అంటించే నోటీసులు కూడా నా బల్ల మీదికే వచ్చేవి.

మొదటి ఏడాది అలాంటి నోటీసు ఒకటి వచ్చింది. హిందీలో 'జిన్ కే పాస్ పహచాన్ పత్ర్ నహీఁ హై, వే...' అని మొదలైంది. నేను బుద్ధిగా 'ఎవరి దగ్గరైతే గుర్తింపు కార్డు లేదో వారు...' అని రాసి పంపాను. కొన్నాళ్లకు ఓ పనిమీద ఆ ఊరి కార్యాలయానికి వెళితే, కౌంటరు దగ్గర ఒక పెద్దాయన ఆ నోటీసు కూడబలుక్కుని చదువుతున్నారు. మొదటి ముక్క చదివి ఆగి, గుమస్తా వైపు తిరిగి, 'నా దగ్గర లేదు బాబూ' అన్నారు. ఆయన దాన్ని ప్రశ్న అనుకున్నారు! అనుకోరా మరి? 'ఎవరి దగ్గర' అని మొదలుపెడితే తెలుగువాడి చెవికి అది ప్రశ్నే. నేను రాయాల్సింది 'గుర్తింపు కార్డు లేనివారు'. అంతే. నా ఆరు మాటలు ఆ మూడు మాటల్లో ఇమిడిపోతాయి. ఆ రోజు సిగ్గుతో తల వంచుకుని వచ్చేశాను. ఈ రకం వాక్యాల మీద నాకు పిచ్చి పట్టింది మాత్రం అప్పటినుంచే.

నాగపూర్‌లో నాకిచ్చిన కుర్చీకి ఒక కాలు విరిగి ఉండేది. కింద ఇటుక పెట్టుకుని కూర్చునేదాన్ని. కొత్త కుర్చీ కోసం అర్జీ రాస్తూ, పక్క బల్లల వాళ్లను సరదాగా అడిగాను: 'నేను కూర్చున్న కుర్చీకి ఒక కాలు విరిగింది' అని మీ ఇంట్లో ఎలా అంటారు? అప్పటినుంచి ఎక్కడికి బదిలీ అయినా కొత్తగా కలిసిన వాళ్లనల్లా అదే అడగడం, నోట్‌బుక్కులో తెలుగు లిపిలో రాసుకోవడం అలవాటైపోయింది. జార్జి గ్రియర్సన్ దొర భారతీయ భాషల సర్వే చేసినప్పుడు బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథను ప్రతి భాషలోనూ చెప్పించి రాయించాడు. ఆ సంపుటాలు 1903 నుంచి 1928 వరకు వస్తూనే ఉన్నాయి. ఆయనకు తప్పిపోయిన కొడుకు, నాకు విరిగిన కుర్చీ. పోలిక కొంచెం ఎక్కువే, మన్నించండి.

ముందు హిందీ. 'జిస్ కుర్సీ పర్ మైఁ బైఠీ హూఁ, ఉస్‌కా ఏక్ పాయా టూటా హై.' వాక్యం రెండు ముక్కలైంది. 'జిస్' అని ఒకదాన్ని చూపించి పక్కన పెట్టడం, 'ఉస్' అని మళ్లీ అందుకోవడం. సంస్కృతంలోని 'యః... సః' జంటకు ఇది మనవరాలు. 'యథా రాజా తథా ప్రజా' అని మనమూ వాడుకుంటున్న సామెతలోనూ ఉన్నది ఆ జంటే. హిందీకి ఈ ముక్కను ఎక్కడ పెట్టాలన్నదానిలో స్వేచ్ఛ కూడా ఎక్కువ. 'జో లడ్కా ఖడా హై, వహ్ మేరా భాయీ హై' అనొచ్చు. 'వహ్ లడ్కా, జో ఖడా హై, మేరా భాయీ హై' అని మధ్యలో ఇరికించొచ్చు. 'వహ్ లడ్కా మేరా భాయీ హై జో ఖడా హై' అని చివరికి తోసేయొచ్చు. మన 'నిలబడ్డ అబ్బాయి మా తమ్ముడు'కి ఇన్ని వేషాలు లేవు. మనకు నామవాచకం ముందు ఒకటే చోటు.

ఇందులో ఒక సంగతి గమనించండి. హిందీలో ప్రశ్నకు 'క', చూపించి పెట్టడానికి 'జ'. కబ్, జబ్, తబ్. కహాఁ, జహాఁ, వహాఁ. మరాఠీలో కుఠే, జిథే, తిథే. గుజరాతీలో క్యారే, జ్యారే, త్యారే. బెంగాలీలో కఖన్, జఖన్, తఖన్. ప్రశ్న వేరు, 'ఏదో ఆ' అనడం వేరు. వాటికి రెండు వేర్వేరు అక్షరాలున్నాయి. మనకు 'జ' లేదు. ఎప్పుడు, అప్పుడు, ఎక్కడ, అక్కడ. ఎ అనే అక్షరమే రెండు పనులూ చెయ్యాలి. పెద్దాయన నా నోటీసును ప్రశ్న అనుకోవడానికి అసలు కారణం ఇదే.

(ఒక పక్కమాట. సింధీలో 'జో'కు ఇంకో అర్థం కూడా ఉంది, అది షష్ఠి విభక్తి. మొహెంజోదారో అంటే చచ్చిపోయినవాళ్ల దిబ్బ. ఆ మధ్యలోని 'జో' మన 'యొక్క'. హిందీ జో కాదు.)

ఇక్కడివరకు వ్యాసకర్త మాటే నిజమనిపిస్తుంది. కుర్చీని ఇంకో బల్ల దగ్గరికి జరపండి.

నాగపూర్‌లో నా పక్కన కూర్చునే మరాఠీ ఆవిడ ముందు 'మీ జ్యా ఖుర్చీవర్ బసలే ఆహే, తిచా ఏక్ పాయ్ మోడలా ఆహే' అన్నారు. సరే, హిందీ లాంటిదే అని రాసుకున్నాను. ఆవిడ నా పుస్తకంలోకి తొంగి చూసి, 'ఇది అర్జీలో రాసే మాట. నోటితో అయితే మీ బసలేల్యా ఖుర్చీచా ఏక్ పాయ్ మోడలా ఆహే అంటాను' అన్నారు. మీ బసలేల్యా ఖుర్చీ. నేను కూర్చున్న కుర్చీ. మాటకు మాట సరిపోయింది! 'జ్యా'తో పనే పడలేదు. అదే ముక్కను హిందీలోకి తెద్దామని 'మేరీ బైఠీ హుయీ కుర్సీ' అన్నాను. హిందీ ఆఫీసరు గారు నవ్వి, 'కుర్చీ ఎక్కడ కూర్చుందమ్మా?' అని అడిగారు. హిందీలో 'మేరీ లిఖీ చిట్ఠీ' కుదురుతుంది, అంటే నేను రాసిన ఉత్తరం. 'బైఠీ హుయీ ఔరత్' కుదురుతుంది, కూర్చున్న ఆడమనిషి. కానీ 'బైఠీ హుయీ' తర్వాత కుర్చీ పెట్టడానికి వీల్లేదు. తెలుగులో అయితే 'నేను రాసిన' తర్వాత ఉత్తరం పెట్టినా, పెన్ను పెట్టినా, కాయితం పెట్టినా, గోడ పెట్టినా అర్థమవుతుంది. ఏది దేనితో రాసిందో, ఏది దేనిమీద రాసిందో ఆ క్రియ చెప్పదు. పక్కనున్న వస్తువును బట్టి మనమే పోల్చుకుంటాం.

మరాఠీ పూర్తిగా మనలాగే ఉందని కాదు. మీ వాచలేలా లేఖ్, మీ వాచలేలీ కాదంబరీ, మీ వాచలేలం పుస్తక్. వ్యాసం పుంలింగం, నవల స్త్రీలింగం, పుస్తకం నపుంసకం. మూడింటికీ మూడు తోకలు. మనకు చదివిన వ్యాసం, చదివిన నవల, చదివిన పుస్తకం. వాక్యం కట్టిన తీరు మనది, దానికి తొడిగిన బట్ట వాళ్ల తాతలది అన్నమాట.

భువనేశ్వర్ వెళ్లాక నాకు ఇంకా ఆశ్చర్యం. మా సెక్షన్ ఆఫీసరు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 'ముఁ బసిథిబా చౌకిర గోటియే గోడ భాంగిజాఇఛి' అన్నారు. ముఁ బసిథిబా చౌకి, నేను కూర్చున్న కుర్చీ. ముఁ పఢుథిబా బహి, నేను చదువుతున్న పుస్తకం. లింగం గొడవ కూడా లేదు, బహి అయినా చౌకి అయినా 'థిబా' మారదు. ఒడియాలో 'జే... సే' జంట లేదని కాదు, ఉంది. కానీ ఆయన రాసే నోట్లలో 'థిబా'ల వరస చూస్తే, లిపి మార్చిన తెలుగు ఫైలులా ఉండేది. హిందీ నుంచి ఒడియాకు తర్జుమా చేసేటప్పుడు ఆయన ఎక్కడెక్కడ 'జో'ను విరిచి క్రియను నామవాచకం ముందుకు తెచ్చేవారో, తెలుగు నోటీసుల్లో నేనూ అక్కడే విరవడం మొదలుపెట్టాను. అనువాదం నాకు నేర్పింది హిందీ పుస్తకాలు కాదు, ఆ ఒడియా ఆయన ఎర్ర పెన్ను.

కోల్‌కతాలో మళ్లీ వేరే లోకం. 'ఆమి జే చేయార్‌టాయ్ బోషే ఆఛి, తార్ ఏక్‌టా పాయా భాంగా.' ఇక్కడ 'జే' ఉంది, దాన్ని అందుకునే 'తార్' కూడా ఉంది. కూర్చున్న అన్న మాటను కుర్చీకి తగిలించమంటే బెంగాలీ వాళ్లు మొహం చిట్లించారు. 'తోమార్ లేఖా చిఠి' అంటే నువ్వు రాసిన ఉత్తరం, అంతవరకే వాళ్ల హద్దు. ఈ విషయంలో బెంగాలీ హిందీ పక్షం. కానీ ఆ చేయార్ వెనక వేలాడుతున్న 'టా' ఉంది చూశారా, అది హిందీలో లేదు. దానివల్ల నేను పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. బెంగాలీలో 'దుటో ఫైల్' అంటే ఏవో రెండు ఫైళ్లు. 'ఫైల్ దుటో' అంటే ఆ రెండు ఫైళ్లు, మనిద్దరికీ తెలిసినవి. మొదటి వారం నేను రికార్డు గది అతన్ని 'ఫైల్ దుటో దిన్' అని అడిగాను. 'కోన్ దుటో?' అన్నాడు, ఏ రెండు అని. ఏవైనా రెండు ఖాళీ ఫైళ్లు కావాలి నాయనా అని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. మాటల వరస తిప్పితే చాలు, అర్థం మారిపోతుంది.

లెక్క చెప్పేటప్పుడు అంకె వెనక తగిలించే ఈ టాలు, జన్‌లు తూర్పు వైపు భాషల సొత్తు. అస్సామీలో మనుషులకు ఒకటి, పుస్తకాల లాంటివాటికి ఇంకొకటి: తినిజన్ మానుహ్, తినిఖన్ కితాప్. నేపాలీలో తీన్ జనా మాన్ఛే, తీన్ వటా కితాబ్. హిందీవాళ్లకు ఇది వింతగా ఉంటుంది, తీన్ ఆద్మీ, తీన్ కితాబేఁ అంటే వాళ్ల పని అయిపోతుంది. ముగ్గురు మనుషులు, మూడు పుస్తకాలు అనే మనకు వింత కాదు. దీన్ని బట్టి చుట్టరికాలు కలపడం నా ఉద్దేశం కాదు, మనది వేరే ఏర్పాటు. కానీ మూడుకూ ముగ్గురుకూ తేడా తెలిసిన చెవికి జనా, వటా చప్పున పట్టుబడతాయి.

'యొక్క' సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. హిందీలో రామ్ కా ఘర్, రామ్ కీ కితాబ్. ఇల్లు పుంలింగం, పుస్తకం స్త్రీలింగం అని రాముడి వెనక కూడా మార్చాలి. పంజాబీలో దా, దీ. గుజరాతీలో నో, నీ, నుఁ. మరాఠీలో చా, చీ, చే. బెంగాలీకి వస్తే రామేర్ బాడీ, రామేర్ బోయీ. ఏమీ మారదు. రాముడి ఇల్లు, రాముడి పుస్తకం అన్నంత సుఖం. బెంగాలీ నేర్చుకునే తెలుగువాళ్లకు ఈ చోట ఉన్న హాయి, హిందీ నేర్చుకునేవాళ్లకు ఏడు జన్మలకీ రాదు.

కుర్చీ గురించి ఒక నేపాలీ ఆయన చెప్పిన వాక్యం: 'మ బసేకో కుర్సీకో ఎఉటా ఖుట్టా భాఁచిఏకో ఛ.' మ బసేకో కుర్సీ, మళ్లీ మన అచ్చు. సింహళం మాట్లాడేవాళ్లు నాకు తారసపడలేదు, చదివి తెలుసుకున్నదే. 'మమ కియవపు పొత' అంటే నేను చదివిన పుస్తకం. అది కూడా హిందీ కుటుంబంలో పుట్టిన భాషే, కానీ మాట్లాడే సింహళంలో 'జో' లాంటి మాట మిగల్లేదు.

ఎందుకిలా? ఒకే తల్లి పిల్లలు ఇన్ని రకాలుగా ఎందుకు కూర్చున్నారు? పక్కింటి ప్రభావం అని పండితులు ఎప్పుడో చెప్పారు. ఒడియాకు మనం, మరాఠీకి కన్నడమూ మనమూ, సింహళానికి తమిళం ఇరుగుపొరుగు. నేపాలీకి మనం పొరుగు కాదు గానీ, హిమాలయాల్లో దాని చుట్టూ ఉన్న భాషలకూ వాక్యాన్ని నామవాచకం ముందు పెట్టే అలవాటుంది. ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త 1956లోనే భారతదేశం మొత్తాన్ని ఒక భాషా ప్రాంతంగా చూడాలన్నారు. మహారాష్ట్రలో సాంగ్లీ దగ్గర కుప్వార్ అనే ఊళ్లో కన్నడం, మరాఠీ, ఉర్దూ పక్కపక్కన నలిగి వ్యాకరణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయని గంపెర్జ్, విల్సన్ అనే పరిశోధకులు 1971లో రాశారు. అయితే అంతా పొరుగువాడి చలవే అనడానికి కూడా నా మనసొప్పదు. 'మయా పఠితం పుస్తకం' అని సంస్కృతంలోనూ ఉంది కదా. విత్తనం ఇంట్లోదే, నీళ్లు పోసింది పొరుగువాళ్లని నేననుకుంటాను.

అంత దూరం వెళ్లక్కర్లేదు, మన హైదరాబాదు వైపు మాట్లాడే ఉర్దూ, అదే దక్కనీ, వినండి. 'తుమ్ బోలే సో బాత్', నువ్వు చెప్పిన మాట. 'కల్ ఆయే సో మెహమాన్', నిన్న వచ్చిన చుట్టాలు. ఆ 'సో' ఎవరనుకున్నారు? 'జో హోగా సో హోగా'లోని సో. జోకు జోడీగా పుట్టిన పాత మాట. దక్కనీవాళ్లు జోను ఉత్తరాదిన వదిలేసి, సోను ఒక్కదాన్నే తెచ్చుకుని, మన 'చెప్పిన'లోని 'ఇన' చేసే పనిలో పెట్టారు. మాటలన్నీ ఉర్దూవి, నడక మాత్రం మనది. లక్నో నుంచి వచ్చిన మా హిందీ ఆఫీసరు గారు అది విని 'తప్పు హిందీ' అని పెదవి విరిచేవారు. నాకైతే అంత తెలివైన సర్దుబాటు ఇంకోటి కనిపించలేదు.

మన పిల్లలు బడిలో సమాసాలు నేర్చుకునేటప్పుడు కూడా ఈ తేడా ఎదురవుతుంది, ఎవరూ చెప్పరంతే. చక్రపాణికి సంస్కృతంలో విగ్రహవాక్యం 'చక్రం పాణౌ యస్య సః'. అంటే 'ఎవని చేతిలో చక్రమో అతడు'. మన మాస్టార్లు చెప్పేది 'చక్రము పాణియందు కలవాడు'. ఆ యస్యను, సఃను కలిపి 'కలవాడు' అనే ఒక్క మాటలో మడిచేశారు. నా నోటీసులో నేను చెయ్యలేకపోయిన పని ఆ పాతకాలం పంతుళ్లు ఎప్పుడో చేసి పెట్టారు.

అలాగని 'ఎ... ఆ' వాక్యాలు తెలుగు కాదనే ఛాందసం నాకు లేదు. ఎంత చెట్టుకు అంత గాలి. ఎవరు తీసిన గోతిలో వారే పడతారు. ఇవి ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకున్నవి కావనే నా నమ్మకం. కొన్నిచోట్ల అవి లేకపోతే పని జరగదు కూడా. నేను ఒక స్నేహితురాలితో కలిసి సినిమాకు వెళ్లాననుకోండి. 'నేను వెళ్లిన స్నేహితురాలు' అనలేం. 'నేను ఎవరితో వెళ్లానో ఆవిడ' అనాలి, లేదా 'నాతో వచ్చిన స్నేహితురాలు' అని తిప్పుకోవాలి. 'మూడేళ్ల కింద మంజూరై, నిన్న మంత్రి ప్రారంభించిన, ఇంకా పైకప్పు పడని, జనం తిట్టుకుంటున్న' అని వరసగా పేర్చుకుంటూ పోతే, అది బస్టాండో ఆస్పత్రో తెలిసేసరికి చదివేవాడికి ఆయాసం వస్తుంది. అలాంటప్పుడు వాక్యాన్ని రెండు చేసుకోవడం మేలు.

నా గొడవంతా 'ఏదైతే ఉందో' మీద. టీవీలో విలేకరి మైకు పట్టుకోగానే 'ఈ రోజు ఏదైతే సభ ఉందో, ఆ సభకు ఎవరైతే కార్యకర్తలు వచ్చారో, వారికి ఏవైతే ఏర్పాట్లు చేశారో' అంటారు. 'సభకు వచ్చిన కార్యకర్తలకు చేసిన ఏర్పాట్లు' అంటే సరిపోదా? ఊపిరి తీసుకోవడానికి అలా అంటున్నారేమో అని టీవీ వాళ్లను క్షమించొచ్చు. పత్రికలో ఊపిరితో పనేముంది? ఈ మధ్య మీ అనువాద వార్తల్లో కూడా ఇవి దొర్లుతున్నాయి. మీ వ్యాసకర్త చెప్పినట్టు ఉత్తరాది వాక్యం అంతా ఒక్కటే, దాన్ని అలాగే దించుకుంటే చాలు అనుకునేవాళ్లు ఎక్కువైనకొద్దీ ఇవీ ఎక్కువవుతాయి. ఒడియావాళ్లు, మరాఠీవాళ్లు చేతిలో 'జే', 'జో' ఉండి కూడా చాలాచోట్ల వాటిని పక్కన పెడుతున్నారు. మనం లేని దాన్ని తెచ్చి మరీ పెట్టుకుంటున్నాం.

ఇంకొక్క విషయం. ఆ వ్యాసంలో మూడో కాలమ్‌లో బెంగాలీ ఉదాహరణ అని ఇచ్చిన వాక్యంలో 'జో' అని పడింది. అది 'జే' అని ఉండాలి. దాని కిందే మరాఠీ వాక్యంలో 'పుస్తక్' ముందు 'వాచలేలీ' అని వేశారు, అక్కడ 'వాచలేలం' రావాలి. ఈ రెండింటికీ సవరణ వేస్తారని ఆశిస్తాను.

ఇట్లు,
రిటైరైన ఒక హిందీ అనువాదకురాలు